సుత్తి చూడని స్లీవు

నేను చెయ్యలేదు మొర్రో అని మొత్తుకునేవాళ్ళని బయటపడెయ్యడం డిటెక్టివ్ ఫిలోమినాకి కొత్తేం కాదు. అవును, నేనే చేశానని భీష్మించుకు కూర్చున్నవాణ్ణి ఎట్టా బయటపడెయ్యాలో మాత్రం ఆవిడకి ఎవరూ నేర్పలేదు.

“రాసుకోండి మేడమ్. పున్నయ్య గారిని చంపింది నేనే. సంతకం యాడ పెట్టాలో చూపించండి,” అన్నాడు మన్సూర్.

“సంతకానికంత తొందరేంది మన్సూర్ భాయ్? నిన్ను జడ్జి ముందుకి తీసుకెళ్ళేది నాలుగింటికి. ఇప్పుడింకా ఒంటిగంటే. ముందు నాకు అర్థమయ్యేట్టు చెప్పు.”

మన్సూర్ అంటే నరసరావుపేటలో చిన్నాచితకా మనిషి కాదు. ఆటోమేటిక్ గేర్‌బాక్సు మొరాయిస్తే మాచర్ల నుంచీ గురజాల నుంచీ కూడా బండ్లు కట్టి లాక్కొచ్చేది ఆయన షెడ్డుకే. పేరెంత పెద్దదో పొగరూ అంతే. కస్టమరు పక్కన నిలబడి సలహా చెబితే పానా కింద పడేసి, “అయితే నువ్వే చేసుకో నాయనా, నేను చూస్తా,” అనేవాడు. అట్టాంటి మనిషి స్టేషన్లో వెనక గదిలో, చెక్క బెంచీ మీద, చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు.

జరిగింది ఊరంతటికీ తెలుసు. కోల్డ్ స్టోరేజీ పున్నయ్య సాయంత్రం పూట కారేసుకుని నకరికల్లు దగ్గర సాగర్ కాలవ కట్టకి పోతాడు. నీళ్ళకేసి కారు నిలిపి, సీటు వెనక్కి వాల్చి, కాసేపు కునుకు తీస్తాడు. మొన్న శుక్రవారం ఆ కునుకులోనే కారు దానంతటది దొర్లి కాలవలో పడింది. కొంచెం ఇవతల బడ్డీకొట్టు దగ్గర టీ తాగుతున్న తమ్ముడు యేసుపాదం చూసి, చొక్కా కూడా విప్పకుండా దూకాడు. డోరు లాగి, మునిగి, తేలి, మళ్ళీ మునిగి, ఎంత పెనుగులాడినా అన్నని ప్రాణంతో బయటికి తేలేకపోయాడు. కారు పైకి తీశాక చూస్తే గేరు లివరు పార్కింగులోనే ఉంది. పార్కింగులో ఉన్న కారు ఎట్టా దొర్లుతుంది? అక్కడే, ఆ గేర్‌బాక్సు బాగుచేసినవాడిగా మన్సూర్ పేరు బయటికొచ్చింది.

“పార్కింగులో పెడితే లోపల ఏమవుతుంది?” అడిగింది ఫిలోమినా.

“లోపల పళ్ళ చక్రం ఉంటది. లివరు పార్కింగులోకి లాగితే ఒక కొక్కెం వచ్చి ఆ పళ్ళ మధ్యన పడుద్ది. ఇంక ఏనుగు తోసినా చక్రం కదలదు. ఆ కొక్కెం ఒక పిన్ను మీద ఊగుద్ది. ఆ పిన్ను కూర్చునే బొక్క గేర్‌బాక్సు కేసింగులోనే ఉంటది. కేసింగేమో అల్యూమినియం, మెత్తన. పున్నయ్య గారి బండిలో ఆ బొక్క అరిగి కోడిగుడ్డు లెక్క సాగింది. కంపెనీ వాళ్ళు కేసింగు మొత్తం మార్చాలన్నారు. బొక్క అరిగితే ఇల్లు కూలగొడతారా మేడమ్?”

ఆ చివరి మాట దగ్గర మన్సూర్ గొంతులో పాత పొగరు ఒక్క క్షణం తొంగిచూసింది. ఫిలోమినా ఆ చివరే పట్టుకుంది.

“మరి నువ్వేం చేశావు?”

“బొక్కని గుండ్రంగా పెద్దది చేశా. లేతు మీద ఉక్కుతో స్లీవు తిప్పించా, ఉంగరం లాంటిది. బొక్క కన్నా వెంట్రుకవాసి లావు. మామూలుగా అయితే పట్టదు. మరి ఎట్టా దూరుద్ది? కేసింగుని వేడి చెయ్యాలి, స్లీవుని చల్లబెట్టాలి. గ్యాసు మంట పెడితే కేసింగు ఒక పక్కే వేడెక్కి వంకరపోతది. అందుకని మన బెంజిమిన్ బేకరీ బట్టీలో పెడతా. రస్కులు కాల్చే బట్టీ. నాలుగు పక్కలా ఒకటే వేడి. స్లీవేమో చేపల ఐసులో, ఉప్పేసి. తెచ్చి బొక్క మీద పెడితే దానంతటదే జారి కూర్చుంటది మేడమ్. టక్కుమని ఒక్క చప్పుడు. రెండూ మామూలు వేడికి వచ్చాక ఇంక దాన్ని తీసే మొనగాడు పుట్టలా.”

ఫిలోమినా నోరు తెరుచుకుని విన్నది. ఆ బేకరీలో ఆవిడ ఎన్నిసార్లు రస్కులు కొనుక్కోలేదూ! ఆ బట్టీలోనే కార్ల గేర్‌బాక్సులు కూడా కాలతాయని కలలో కూడా అనుకోలేదు.

“అట్టాంటిది ఊడి ఎట్టా వచ్చింది?”

మన్సూర్ తల దించేశాడు.

“రంజాను నెలలో చేశా ఆ పని. సాయంత్రం ఇఫ్తార్‌కి బన్నులు కాల్చుకోవాలని బెంజిమిన్ తొందరపెట్టాడు. కేసింగు ఇంకాసేపు ఉండాల్సింది, ముందే బయటికి లాగాం. రోజా మీద ఉన్నా, నోరెండిపోయి ఉంది, నాకూ ఓపిక లేదు. స్లీవు పెట్టా. జారలా. అంచు దగ్గర ఆగింది.”

“అప్పుడు?”

“నా స్లీవు సుత్తి చూడదని ఊరంతా చెప్పుకుంటా నేను. సుత్తి తగిలిందంటే అది మన్సూర్ పని కాదని అంటా. ఆ రోజు ఇత్తడి సుత్తి తీసుకుని ఒక్క దెబ్బ కొట్టా మేడమ్. ఒక్కటంటే ఒక్కటే. లోపలికి దిగింది. ఎవరికీ చెప్పలా, నా భార్యకి తప్ప. ఇప్పుడు ఎస్సై మేడమ్ బల్ల మీద, కవర్లో, ఆ స్లీవు దూరం నుంచి కనబడింది. ఊడొచ్చింది. ఇంకేం చెప్పమంటారు? నా చేతులు నన్ను మోసం చేసినయ్.”

అని రెండు చేతులతో మొహం కప్పుకున్నాడు. ఫిలోమినా ఒకే ఒక్క ప్రశ్న అడిగింది.

“ఇత్తడి సుత్తితో ఉక్కుని కొడితే గుర్తు పడుద్దా భాయ్?”

“ఇత్తడి మెత్తన గదా, ఉక్కుకి సొట్ట పడదు. పచ్చటి మరక అంటుద్ది. బంగారం పూసినట్టు. కొట్టిన రోజే చూశా ఆ మరక. తుడవబుద్ధి కాలా. నా తప్పుకి గుర్తుగా ఉండనీ అనుకున్నా.”

ఫిలోమినా లేచి చరచరా ఎస్సై గదిలోకి నడిచింది.

ఎస్సై సుబ్బరత్నం బల్ల వెనక కూర్చుని అన్నం బాక్సు తెరుస్తోంది. ఎదురుగా క్రాంతి కుమార్. ఇన్సూరెన్సు కంపెనీ తరఫున విచారణ చేసే మనిషి. తెల్లచొక్కా, మడత నలగని ప్యాంటు, ఎప్పుడూ సగమే నవ్వే మూతి. ఒకప్పుడు ఫిలోమినా, ఆయనా ఒకే ఆఫీసులో పనిచేశారు. ఆవిడ బయటికొచ్చి సొంతంగా బోర్డు పెట్టుకున్నాక, పెళ్ళి సంబంధాల ఎంక్వయిరీలు ఎట్టా నడుస్తున్నాయని కలిసినప్పుడల్లా అడగడం ఆయనకి ఆనందం.

“ఏమండీ ఫిలోమినా గారూ, పెళ్ళికొడుకు ఒప్పుకున్నాడా?” అన్నాడు మన్సూర్ గది వైపు చూపిస్తూ.

ఆవిడ బల్ల మీదున్న ప్లాస్టిక్ కవరు ఎత్తి కిటికీ దగ్గరికి తీసుకుపోయింది. లోపల బొటనవేలికి పట్టేంత ఉక్కు ఉంగరం. వెలుతురులో పెట్టి తిప్పి తిప్పి చూసింది. ఈ అంచు, ఆ అంచు, మళ్ళీ ఈ అంచు. కొత్త గాజులా నున్నగా ఉంది. పచ్చటి మరక అనేది మచ్చుకైనా లేదు.

“ఇది మన్సూర్ చేసిందే. కానీ ఆ కారులో దూరింది ఇది కాదు,” అంది.

“అబ్బో!” అన్నాడు క్రాంతి కుమార్. “మరి నేను గేర్‌బాక్సు అడుగు నుంచి, ఆ బురదలోంచి, నా చేత్తో తీసింది ఏంటండీ? పంచనామా సాక్షుల సమక్షంలో, వీడియో తీస్తూ?”

“సుత్తి మరక ఏది?”

“సుత్తి కొట్టానని చెప్పింది ఎవరు? ముద్దాయి. బురదలో, నూనెలో దొర్లి మరక రుద్దుకుపోయి ఉండొచ్చు. అసలు కొట్టనే లేదేమో.”

“మీరే ఆలోచించండి. తనని తాను ఇరికించుకోవడానికి ఎవడైనా అబద్ధం చెప్తాడా? సరే, అది వదిలెయ్యండి. స్లీవు దానంతటది వదులై ఊడితే ఎన్నాళ్ళు లోపల గీసుకోవాలి? ఒంటి మీద ఒక్క గీత లేదేం?”

క్రాంతి కుమార్ మూతి మీద సగం నవ్వు పావుకి దిగింది. ఆయన తెలివితక్కువవాడేం కాదు. అయినా ఒక్కసారి రిపోర్టు రాశాక దాని వెనకే నిలబడే మనిషి.

“అయితే అసలు స్లీవు ఏమైనట్టు?” అన్నాడు.

“మన్సూర్ భాయ్!” ఫిలోమినా అక్కడి నుంచే కేకేసింది. “నువ్వు స్లీవు ఒక్కటే తిప్పిస్తావా?”

“ఎప్పుడూ జతే మేడమ్,” అని లోపల్నుంచి నీరసంగా జవాబొచ్చింది. “ఒకటి కేసింగులోకి, ఒకటి ఓనరుకి. టైలరు మిగిలిన గుడ్డ ఇచ్చేసినట్టు. రేపు ఇంకో ఊళ్ళో ఇంకో మెకానిక్కు విప్పితే కొలతకి ఉంటదని.”

గదిలో ముగ్గురూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఎస్సై సుబ్బరత్నం ముద్ద నోటి దాకా తెచ్చి మళ్ళీ బాక్సులో పెట్టింది.

“అంటే ఇది రెండోదంటావు. మొదటిది ఇంకా గేర్‌బాక్సులోనే ఉందంటావు,” అంది.

“ఉంటే మన్సూర్ పని నిలిచినట్టే. కొక్కెం నిలిచినట్టే. పార్కింగులో ఉన్న కారు దొర్లే ప్రశ్నే లేదు. ఎవరో లివరు తప్పించి తోశారు.”

“నేను చూశానండీ,” క్రాంతి కుమార్ లేచి నిలబడ్డాడు. “కాలవ రాళ్ళ మీద పడి కేసింగు చీలిపోయింది. కొక్కెం, పిన్ను నీళ్ళలో కొట్టుకుపోయాయి. ఆ బొక్కలో బురద తప్ప ఏమీ లేదు. మీ క్లయింటు మీద జాలితో సీలు తీసి, రేపు కోర్టులో నేను సాక్ష్యం చెడగొట్టానని అనిపించుకోమంటారా?”

“బొక్కలో బురద చూశారు. బురద కింద ఏముందో చూశారా?”

సుబ్బరత్నం గడియారం వైపు చూసింది.

“సీలు తియ్యండి. మొత్తం వీడియో తీస్తూ తియ్యండి. మూడున్నర లోపల నాకు ఫోను రావాల. రాకపోతే నా పని నేను చేసుకుపోతా. ఒప్పుకున్నవాణ్ణి ఊరికే కూర్చోబెట్టలేను గదా,” అంది.

స్టేషన్ మెట్ల మీద మన్సూర్ భార్య హజ్రా బీ కూర్చుని ఉంది. ఫిలోమినాని ఈ కేసులోకి లాక్కొచ్చింది ఆవిడే. నల్ల బురఖా పైన ముసుగు వెనక్కి తోసుకుని, ఏడ్చి ఏడ్చి ఉబ్బిన కళ్ళతో లేచి నిలబడింది.

“ఫిలోమినమ్మా, ఏమైనా దారి కనపడిందా? లేకపోతే చెప్పు, నేను పోయి పున్నయ్య గారి ఇంటోళ్ళ కాళ్ళ మీద పడతా. వాళ్ళు దయతలిస్తే...”

“కాళ్ళ మీద పడే పని పెట్టుకోకు హజ్రా అక్కా. నువ్వు నేరుగా ఇంటికి పో. సాయంత్రానికి మీ ఆయన్ని తీసుకొచ్చే పూచీ నాది.”

హజ్రా బీ తలూపింది. డాక్టరు ఉప్పు తినొద్దంటే ఊపుతారే, అట్టా ఊపింది. తొందరలో ఉన్న ఫిలోమినా అది గమనించలేదు.

ఫిలోమినా, క్రాంతి కుమార్ ఒకే కారులో నకరికల్లు వెళ్ళారు. గేర్‌బాక్సు దాచిన కాలేషా క్రేను యార్డు రోడ్డు పక్కనే. యాక్సిడెంటు బండ్లన్నీ అక్కడికే చేరతాయి. కాలేషా గేటు తీసి, లుంగీ కట్టు సరిచేసుకుంటూ ఎదురొచ్చాడు. గేటు పక్కన తాడుకి ఒక పాత స్పీకరు అయస్కాంతం వేలాడుతోంది. దాని నిండా మేకులు, ఇనుప రజను కరుచుకుని ఉన్నాయి.

“ఇదేంది కాలేషా?”

“రోజూ పొద్దున్నే యార్డంతా దీన్ని లాగుతానమ్మా. విరిగిన బండ్ల నుంచి మేకులు, సీలలు రాలతయ్ గదా. టైర్లలో దిగకుండా ఇది ఏరి పెడతది.”

ఫిలోమినా రెండడుగులు ముందుకేసి ఆగింది. మళ్ళీ వెనక్కొచ్చి ఆ అయస్కాంతాన్ని తాడు నుంచి విప్పింది. మేకులన్నీ దులిపి చేత్తో పట్టుకుంది. ఎందుకని కాలేషా అడగలేదు. క్రాంతి కుమార్ మాత్రం వింతగా చూశాడు.

రేకుల షెడ్డులో, టార్పాలిన్ కింద, గేర్‌బాక్సు ఒక చెక్కబల్ల మీద ఉంది. తాళం మీద లక్క సీలు. క్రాంతి కుమార్ ఫోను కాలేషా చేతికిచ్చి వీడియో తియ్యమన్నాడు. టైము చెప్పాడు, పేర్లు చెప్పాడు, సీలు పగలగొట్టాడు. ఆ పనంతా ఎంత పద్ధతిగా చేశాడో చూసి ఫిలోమినా మనసులో మెచ్చుకోకుండా ఉండలేకపోయింది.

టార్పాలిన్ తీశాడు. ఇదా గేర్‌బాక్సు! కేసింగు నిలువునా చీలి ఉంది. ఒక పక్క చెక్క మొత్తం ఊడిపోయింది. ఎటు చూసినా కాలవ బురద ఎండి తెల్లగా బీటలు వారి ఉంది. ఇంత లావు అల్యూమినియం అప్పడంలా విరిగితే, అందులో వెంట్రుకవాసి పట్టు మీద నిలబడ్డ చిన్న ఉంగరం ఇంకా ఉంటుందని తను పందెం కట్టి వచ్చింది. మన్సూర్ కోర్టుకి పోవాల్సిన టైము దగ్గర పడుతోంది.

“ఇదీ ఆ బొక్క,” క్రాంతి కుమార్ వేలు చూపించాడు. గేర్‌బాక్సు చీలిక సరిగ్గా ఆ బొక్క దాకా పాకింది. బొక్క నిండా బురద గట్టిపడి ఉంది. “చూడండి. కేసింగే ఇక్కడిదాకా పగిలింది. ఉంగరం ఎక్కడుంటుందండీ? నేను పంతానికి చెప్పట్లేదు. నిజంగా లేదు.”

ఫిలోమినాకి కూడా కంటికి ఏమీ కనపడలేదు.

“అల్యూమినియానికి అయస్కాంతం అంటుకోదు గదా క్రాంతి గారూ?”

“అంటుకోదు.”

“ఉక్కుకి?”

ఆయన ఆవిడ చేతిలో ఉన్న దాన్ని చూశాడు. ఆ చూపులో మొదటిసారి ఎగతాళి లేదు.

ఆవిడ అయస్కాంతాన్ని ముందు కేసింగు ఒంటికి ఆనించింది. అంటుకోలేదు, జారిపోయింది. ఇంకోచోట పెట్టింది. అక్కడా అంతే. ప్రభువా, నా పరువు కాదు, ఆ మనిషిని చూడు అనుకుంటూ, బొక్క దగ్గరికి తెచ్చింది. ఇంకా బెత్తెడు దూరముండగానే చెయ్యి గుంజినట్టయింది. వేళ్ళు వదులు చేసింది.

టక్.

అయస్కాంతం బొక్క నోటికి కరుచుకుంది. ఆవిడ చెయ్యి తీసేసింది. అది అక్కడే ఉంది.

వీడియో తీస్తున్న కాలేషా ముందుకి వంగాడు. “యా అల్లా,” అన్నాడు నెమ్మదిగా.

“కిరోసిను,” అన్నాడు క్రాంతి కుమార్. ఆయన గొంతు మారిపోయింది. తెల్లచొక్కా చేతులు పైకి మడిచి, తన జేబురుమాలే కిరోసినులో ముంచి, బొక్క చుట్టూ ఎండిన బురదని తుడవడం మొదలుపెట్టాడు. తొందరపడలేదు. ఒక్కో పొర తీస్తూ, ఆగి చూస్తూ, మళ్ళీ తుడుస్తూ. బురద పోయింది, నూనె జిడ్డు పోయింది. తెల్లటి అల్యూమినియం మధ్యన కాస్త నల్లటి ఉక్కు గుండ్రంగా బయటపడింది. రెండింటి మధ్య గీత కోసం ఇద్దరూ తలలు వంచి వెతికారు. క్రాంతి కుమార్ వేలిగోరు పెట్టి గీకాడు. గోరుకి ఏమీ తగల్లేదు. ఎక్కడ ఒక లోహం ఆగి ఇంకోటి మొదలయ్యిందో రంగు చెప్పాలి తప్ప చెయ్యి చెప్పలేదు.

కాలవలోకి అంత ఎత్తు నుంచి పడ్డ దెబ్బకి చీలిక కేసింగంతా పాక్కుంటూ వచ్చి, సరిగ్గా ఆ ఉంగరం అంచున ఆగిపోయింది. అక్కడి నుంచి ముందుకి పోలేకపోయింది.

“కంపెనీ ఇచ్చిన కేసింగు పగిలింది,” అన్నాడు క్రాంతి కుమార్. “ఇది పగల్లేదు. నా ఉద్యోగంలో ఇట్టాంటిది నేను చూళ్ళేదండీ. ఎంత గట్టి పనండీ ఇది!”

బేకరీ బట్టీ, చేపల ఐసు, ఆకలితో ఉన్న ఒక మనిషి రెండు చేతులు. అంతే గదా ఇందులో ఉన్నది! ఆవిడ కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. ఫోను లైటు వేసి ఉంగరం పై అంచు మీద పడేట్టు పట్టుకుంది. అంచున, ఒక పక్కగా, బియ్యపు గింజంత మరక. పచ్చగా మెరిసింది.

“సుత్తి మరక,” అంది.

అప్పటికి మూడుంబావు. సుబ్బరత్నానికి ఫోను చేసి జరిగింది చెప్పి, మన్సూర్‌కి ఇవ్వమంది.

“భాయ్, నీ స్లీవు కదల్లేదు.”

అవతల బెంచీ కిర్రుమంది.

“వింటున్నావా? కేసింగు ముక్కలైంది. నీ స్లీవు ఉన్నచోటే ఉంది. గోరు పెడితే గీత కూడా దొరకట్లేదు. నీ ఇత్తడి మరక దాని మీదే ఉంది.”

“కదల్లా?” అన్నాడు మన్సూర్, చిన్నపిల్లాడిలా. “నిజం చెప్పండి మేడమ్. చల్లగా ఉన్న కేసింగులో, సుత్తి దెబ్బతో, కదల్లా?” అంతే, భోరుమన్నాడు. ఆ ఏడుపు వినలేక ఫిలోమినా కాసేపు ఫోను చెవికి దూరంగా పట్టుకుంది.

క్రాంతి కుమార్ ఈలోపు షెడ్డులో అటూ ఇటూ తిరుగుతున్నాడు. ఉన్నట్టుండి ఆగాడు.

“ఫిలోమినా గారూ, మొన్న గేర్‌బాక్సు విప్పినప్పుడు ఆ స్లీవు నేను కనిపెట్టలేదు.”

“మరి?”

“పక్కన నిలబడి, ‘సార్, ఆ బురదలో ఏదో మెరుస్తోంది చూడండి’ అని చూపించాడు ఒకడు. చూపించాడు, నేను తీశాను.” ఆయన జేబురుమాలు బల్ల మీద పడేశాడు. “యేసుపాదం.”

ఆ పేరుతో పాటే మిగతాదంతా ఫిలోమినా కళ్ళ ముందు వరసగా పేర్చుకుంది. బడ్డీకొట్టు దగ్గర టీ తాగుతున్నానన్నది అతని మాటే. అందరికన్నా ముందు కాలవలోకి దూకింది యేసుపాదం. నీళ్ళలో మునిగి డోరు లాగిందీ, కారు లోపలికి చెయ్యి పెట్టిందీ యేసుపాదమే. తోసేటప్పుడు న్యూట్రల్లో ఉన్న లివరుని మళ్ళీ పార్కింగులోకి లాగాలంటే నీళ్ళలోకి దిగక తప్పదు. తమ్ముడి ప్రేమ అని ఊరంతా కన్నీళ్ళు పెట్టుకుంది ఆ దూకుడుకే!

“అన్ని నీళ్ళు మీదికొచ్చినా పున్నయ్య ఎందుకు లేవలేదో పోస్ట్‌మార్టం చెప్తుంది,” అంది. “కానీ ఆ రెండో స్లీవు యేసుపాదానికి ఎట్టా చేరిందో తేలాలి. లేకపోతే, అది అన్నయ్య కారులోనే ఉండి ఉంటుంది, నీళ్ళలో అదే జారి పడిందంటాడు.” ఫోను మళ్ళీ చెవికి పెట్టుకుంది. “మన్సూర్ భాయ్, ఏడుపు ఆపి ఒక్కటి చెప్పు. జతలో రెండోది పున్నయ్య గారి చేతికే ఇచ్చావా?”

“ఓనరుకే మేడమ్. కానీ ఆ రోజు బండి తీసుకెళ్ళడానికొచ్చే టయానికి నేను నమాజులో ఉన్నా. హజ్రా ఇచ్చింది. చేతిరుమాల్లో కట్టి ఇచ్చానంది. వచ్చింది పున్నయ్య గారేనో ఎవరో నేను అడగలా.”

అంటే ఆ ఒక్క ముక్క చెప్పగలిగింది హజ్రా బీ ఒక్కతే.

ఫిలోమినా వెంటనే ఆవిడ నంబరు కొట్టి, క్రాంతి కుమార్‌కి కూడా వినపడేట్టు స్పీకరు పెట్టింది. చాలాసేపు మోగింది. పెట్టేద్దామనుకునేంతలో ఎత్తింది.

“హజ్రా అక్కా! మీ ఆయన బయటపడ్డట్టే. ఏ తప్పూ లేదు ఆయనది.”

“అల్లా దయ! అల్లా దయ! నీ కడుపు చల్లగుండా!”

“ఏడవకు, ముందు నేనడిగింది చెప్పు. రంజాను నెలలో పున్నయ్య గారి కారు తీసుకెళ్ళారే, ఆ రోజు రెండో స్లీవు రుమాల్లో కట్టి ఎవరి చేతిలో పెట్టావు?”

“ఇంకెవరి చేతిలోనమ్మా, ఈ బాబు చేతిలోనే!” హజ్రా బీ గొంతు సంతోషంతో పొంగిపోతోంది. “యేసుపాదం బాబు. నువ్వు వద్దన్నావు గానీ మనసాగక వాళ్ళింటికి పోయానమ్మా. ఎంత మంచోడో! నన్ను స్టేషన్ దగ్గర దింపుతానని తన కారులో ఎక్కించుకున్నాడు. కాలవ కట్ట మీదుగా దగ్గర దారంట. ఇదిగో పక్కనే ఉన్నాడు. ఏం బాబూ, ఆ రోజు రుమాల్లో కట్టి నీకే ఇచ్చా గదా, గుర్తుందా?”

క్రాంతి కుమార్ అప్పటికే కారు వైపు పరుగెడుతున్నాడు. “అక్కా, ముందు బండి దిగి...” అంటూ ఫిలోమినా కూడా ఆయన వెనకే పరుగెత్తింది.

“గుర్తుందమ్మా,” అన్నది ఫోనులో ఒక మగగొంతు, ఎంతో నెమ్మదిగా. “ఫోనులో ఎవరు? ఇటివ్వు.”

బండి ఆగిన చప్పుడు వినపడింది. ఆ తర్వాత ఫోను కట్టయింది.